బండి బుక్ చేసిన రోజులు

మన బ్యాచ్ వాళ్లం ఎక్కడ కలిసినా, పెళ్లిలోనైనా పరామర్శలోనైనా, కాసేపటికి మాట బళ్ల మీదికి పోతుంది. నీ మొదటి కారేదిరా అని ఒకడు మొదలుపెడతాడు. మారుతి అంటాడొకడు. సెకండ్‌హ్యాండ్ ఫియట్ అంటాడింకొకడు. అమెరికాలో స్థిరపడినవాడు టొయోటా కరోలా అంటాడు, వాణ్ణి మనం పట్టించుకోం. ఈ కబుర్లు విన్నప్పుడల్లా నాకొకటి అనిపిస్తుంది. చిన్నప్పుడు మనం కలలుగన్న బండ్లను ఎంచుకున్నది మనం కాదు. ఏ కంపెనీ ఏడాదికి ఎన్ని బండ్లు చేయాలో ఢిల్లీలో నిర్ణయించేవారు. అలా తయారైన రెండు మూడు రకాల్లోంచే మనం కలలు గన్నాం. పిల్లలకు ఇది చెబితే కథ చెబుతున్నామనుకుంటారు. అందుకే ఆ కథను కొంచెం వివరంగా రాస్తున్నాను.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో కారు అంటే విదేశీ కారే. జనరల్ మోటార్స్, ఫోర్డ్ వాళ్లు విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మేవారు. 1949లో పూర్తిగా తయారైన కార్ల దిగుమతిని ఆపేశారు. 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు మీద, విడిభాగాలు కూడా ఇక్కడే తయారుచేసే ప్రణాళిక ఉన్నవాళ్లే ఉండాలన్నారు. ఆ రెండు అమెరికా కంపెనీలూ సర్దుకుని వెళ్లిపోయాయి. కార్లలో చివరికి మిగిలినవి ముఖ్యంగా మూడు: బిర్లాల హిందుస్థాన్ మోటార్స్, వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసులో స్టాండర్డ్ మోటార్స్. మూడూ కలిపి ఏడాదికి 50 వేల కార్లు కూడా చేయని కాలంలో మనం బడికి వెళ్లాం. ఆ విధానం పూర్తిగా తప్పని నేను అనను. ఇనుము, విదేశీ మారకం రెండూ కొరతగా ఉన్న దేశం ముందు బస్సులూ లారీలూ చూసుకోవాలనుకోవడంలో న్యాయం ఉంది. కాని కొరత తీరాక కూడా పద్ధతి మారలేదు. అక్కడే మన పెద్దవాళ్ల జీవితాల్లోంచి చాలా ఏళ్లు పోయాయి.

అంబాసిడర్ సంగతి తీసుకోండి. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ పేరుతో వచ్చిన కారు అది. అక్కడ రెండు మూడేళ్లలో మూలపడింది. ఇక్కడ 1957-58 ప్రాంతంలో ఉత్తరపారా ఫ్యాక్టరీలో మొదలై, గ్రిల్లూ దీపాలూ మారుతూ, పై రూపం మాత్రం పెద్దగా మారకుండా 2014 మే దాకా వచ్చింది. మన ఊళ్లో అది డాక్టరుగారిది, రైసుమిల్లు వాళ్లది, తర్వాత టాక్సీ స్టాండుది. ముందు సీటు బల్లలా ఒకటే ఉండేది, గేరు స్టీరింగు పక్కన. డ్రైవరుకు అటొకరు ఇటొకరు కూర్చున్నా బండి నడిచేది. పెళ్లికి పదిమంది, పదకొండోవాడిగా ఒళ్లో పిల్లవాడు. తిరుమల వెళితే ఘాట్ రోడ్డు మీద రేడియేటరు మరిగి ఆవిరి చిమ్మేది. డ్రైవరు డబ్బాతో నీళ్లు పోస్తుంటే మనం దిగి లోయ చూసేవాళ్లం. అదొక విహారంగానే ఉండేది.

అంబాసిడర్ ఛాసిస్ ఇప్పటి కార్లకు ఎక్కడిది అంటుంటారు చాలామంది. ఇంజనీరుగా ఇక్కడ అడ్డు తగలక తప్పదు. అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ లేదు, ఒళ్లే ఛాసిస్. రేకు మందం నిజమే. అయితే గుద్దుకున్నప్పుడు ఆ మందపు రేకు ముడుచుకోదు. దెబ్బ తిన్నగా లోపలి మనిషికి చేరుతుంది. సీటు బెల్టులు కూడా లేని రోజులు. ఆ కారు బాగుచేయడానికి తేలిక, అది దాని అసలు గుణం. ఒక స్పానరు, ఒక సుత్తి, కొంచెం ఓర్పు ఉంటే చాలు. విజయవాడ ఆటోనగర్‌లో చదువు లేని మేస్త్రీలు చెవితో విని ఇంజను రోగం చెప్పేవారు. నేను కాలేజీలో నేర్చుకున్న దానిలో సగం అక్కడ సెలవుల్లో నిలబడి చూసిందే.

ఫియట్‌ది వేరే కథ. 1964లో 1100 డి వచ్చింది. 1974 నుంచి దాన్నే ప్రీమియర్ పద్మిని అన్నారు. 1089 సీసీ ఇంజను, చిన్న ఒళ్లు. అప్పట్లో లెక్చరర్లకూ బ్యాంకు మేనేజర్లకూ అదే గౌరవమైన కల. ఆ కలగన్నవాళ్లలో ఒక ప్రధానమంత్రి ఉన్నారు. లాల్ బహదూర్ శాస్త్రిగారు సుమారు 12 వేల రూపాయల ఫియట్ కొనడానికి చేతిలో డబ్బు చాలక పంజాబ్ నేషనల్ బ్యాంకులో 5 వేలు అప్పు చేశారు. అప్పు తీరకుండానే 1966 జనవరిలో తాష్కెంట్‌లో పోయారు. మిగిలింది లలితా శాస్త్రిగారు తన పింఛనులోంచి తీర్చారు. ఆ కారు ఇప్పటికీ ఢిల్లీలో ఆయన స్మారక భవనంలో ఉంది. ఆ ఊరు వెళ్లినవాళ్లు ఎర్రకోటతో పాటు అదీ చూసి రండి.

కార్లు సరే, మన ఇళ్లలో నిజంగా అనుకున్నది స్కూటరు. దాని పుట్టుక చిత్రమైనది. ఇటలీలో పియాజియో విమానాలు చేసే కంపెనీ. యుద్ధం తర్వాత ఆ పని పోయింది. కొర్రాడినో దస్కానియో అనే విమాన ఇంజనీరు 1946లో వెస్పాను రూపొందించాడు. ఆయనకు మోటారు సైకిళ్లంటే గిట్టదు. నూనె బట్టలకు అంటకుండా ఇంజనును రేకు వెనక దాచాడు. ముందు చక్రాన్ని విమానం చక్రంలా ఒక పక్క నుంచే పట్టుకునేట్టు అమర్చాడు. అదే వెస్పాను 1960ల మొదట్లో బజాజ్ వాళ్లు లైసెన్సు మీద ఇక్కడ చేశారు. 1971లో ఒప్పందం ముగిశాక, 1972 నుంచి చేతక్ అని రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టారు. స్టార్ట్ కాకపోతే ఒక పక్కకు వంచి, నిలబెట్టి, కిక్కు కొట్టడం గుర్తుందా? ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దడం? బంకులో పెట్రోలుతో పాటు కొలిచి పోయించుకున్న నూనె వాసన? ఇంజను ఒక పక్కన ఉండటంతో బండి కొంచెం అటే మొగ్గేది. నడిపేవాడి నడుము దానికి తగ్గట్టు అలవాటుపడేది.

ఆ స్కూటరు కావాలంటే ముందు బుక్ చేయాలి. డిపాజిట్ కట్టి, పేరు నమోదు చేయించుకుని, ఎదురుచూడాలి. ఏళ్లు పట్టేది, కొన్నిచోట్ల పదేళ్లు దాకా. ప్రభుత్వోద్యోగులకు కోటా ఉండేది. విదేశీ మారకంలో కడితే వరస తప్పించి ఇచ్చేవారు. గల్ఫ్‌కు వెళ్లిన కొడుకు ఉన్న ఇంటికి బండి ముందే వచ్చేది. పేరు వచ్చాక షోరూమ్ బయటే ఎవరో నిలబడి, బండి ధర మీద ఇన్ని వేలు ఎక్కువిస్తాం, మాకివ్వండి అని అడిగేవారు. కొత్త బండి కంటే వాడిన బండి ఖరీదైన వింత రోజులవి.

ఇక్కడ మన సైన్సు మాస్టారి సంగతి చెప్పాలి. పేరు రాయను, మన కాలం వాళ్లందరికీ తెలుసు. రోజూ నాలుగు మైళ్లు సైకిలు మీద వచ్చేవారు, పంచె అంచుకు క్లిప్పు పెట్టుకుని. మేం హైస్కూల్లో అడుగుపెట్టేసరికే ఆయన పేరు స్కూటరు వరసలో ఉందని అందరూ అనుకునేవారు. మేం తొమ్మిదిలో ఉండగా ఒకరోజు పాఠం పక్కనపెట్టి బోర్డు మీద టూ స్ట్రోక్ ఇంజను గీశారు. దీనికి వాల్వులు ఉండవురా, పిస్టనే తలుపు, పిస్టనే తలుపు తీసేవాడు అన్నారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు. ఆ వారమే ఆయనకు స్కూటరు వచ్చినట్టు కార్డు అందిందని తర్వాత తెలిసింది. బండి మాత్రం బడికి రాలేదు. ఆ వేసవిలో వాళ్ల పెద్దమ్మాయి పెళ్లి. మాస్టారు డబ్బు కట్టి తెచ్చిన బండిని రెండో రోజుకే ఇంకొకరికి ఇచ్చేశారని, వచ్చిన ఎక్కువ డబ్బు పెళ్లిపందిట్లో ఖర్చయిందని మా నాన్నగారు ఇంట్లో మెల్లగా అనగా విన్నాను. మాస్టారు మళ్లీ సైకిలు మీదే వచ్చారు. ఆయన రిటైరయ్యేనాటికి డబ్బుంటే స్కూటరు కొనడం పెద్ద పనేమీ కాదు. మేం నలుగురం కలిసి కొనిస్తామని వెళ్లాం. "ఇప్పుడెక్కడికి వెళ్లాలయ్యా నేను? బడి అయిపోయిందిగా" అన్నారు. కాఫీ ఇచ్చి పంపారు.

వరసలో నిలబడలేనివాళ్లకు మన రాష్ట్రమే ఒక దారి చూపింది. లాంబ్రెట్టా హక్కులూ యంత్రాలూ కొన్న లక్నో ప్రభుత్వ సంస్థ స్కూటర్స్ ఇండియా, కొన్ని రాష్ట్రాల్లో అదే రకం బండ్లు చేయించింది. మనకు వచ్చింది ఆల్విన్ పుష్పక్. రిఫ్రిజిరేటర్లూ గడియారాలూ బస్సు బాడీలూ చేసిన హైదరాబాద్ ఆల్విన్ పేరు మీద వచ్చిన స్కూటరు. దీని ఇంజను మధ్యలో ఉంటుంది, బండి తిన్నగా నడుస్తుంది. నన్నడిగితే చేతక్ కంటే మంచి డిజైను. అయినా ఊళ్లో పుష్పక్ కొన్నవాణ్ణి కొంచెం జాలిగా చూసేవారు. తేలిగ్గా దొరికింది కదా! మా నాన్నగారు చేతక్ డిపాజిట్ వెనక్కు తీసుకుని పుష్పక్ కొన్నారు. అమ్మ కుంకుమ పెట్టి నిమ్మకాయలు తొక్కించింది. చుట్టాలొచ్చి, బజాజ్ రాలేదా అని అడిగేవారు.

1982లో మనందరం రోడ్డు పక్కన నిలబడి చూసిన బండి ఒకటుంది. అది ఎవరూ కొనుక్కోవాలనుకున్నది కాదు. పాత షెవర్లే వ్యాన్‌ను మార్చి చేసిన చైతన్యరథం, పైన ఖాకీ బట్టల్లో ఎన్టీ రామారావుగారు, స్టీరింగు దగ్గర హరికృష్ణ. మన రాజకీయాల్లో అది తెచ్చిన మార్పు గురించి వేరేవాళ్లు రాస్తారు. ఒక పాత ఇంజనును వేల కిలోమీటర్లు, మన పల్లె రోడ్ల మీద, ఆగకుండా నడిపించిన మెకానిక్కుల గురించి ఎవరూ రాయలేదు.

మరుసటి ఏడాది 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి తాళాలు ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి ఒకాయనకు ఇచ్చారు. ఆయన డ్రాలో గెలిచారు. లక్షకు పైగా జనం బుక్ చేసుకున్న కారు అది. అంటే కొత్త కాలం కూడా వరసతోనే మొదలైంది. 796 సీసీ, మూడు సిలిండర్లు, ధర సుమారు 50 వేలు. మొదటిసారి చూసినప్పుడు అగ్గిపెట్టెలా ఉందని నవ్వాం. తలుపు వేస్తే వచ్చిన చిన్న చప్పుడు విన్నాక నవ్వు ఆగింది. రెండేళ్లలో హీరో హోండా, యమహా ఆర్ఎక్స్ 100 వచ్చాయి. కాలేజీ వయసులో ఉన్న మన కలలు స్కూటరు వదిలి మోటారు సైకిలెక్కాయి. 1993లో కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేదన్నారు. 1998లో శాంత్రో, ఇండికా వచ్చేసరికి షోరూమ్ వాళ్లే మన ఇంటికి రావడం మొదలుపెట్టారు. నేను మొదటి కారు కొన్నది ఆ తర్వాతే, పాత మారుతి. అందులో చెప్పుకోదగ్గదేమీ లేదు. డబ్బిచ్చాను, తాళం ఇచ్చారు.

2009లో లక్ష రూపాయల కారన్న పేరుతో నానో రోడ్డెక్కింది. ఇంజనీరింగు దృష్టితో దాన్ని నేనిప్పటికీ మెచ్చుకుంటాను. వెనక ఇంజను, లోపల బోలెడు చోటు. పుష్పక్‌కు పట్టిన గతే దానికీ పట్టింది. చవక కారన్న పేరు పడ్డాక ఎవరూ దాని కోసం గుమ్మంలో ముగ్గు వేయలేదు. 2018లో ఆగిపోయింది.

స్వర్ణోత్సవం నాడు పాత సైన్సు గదిలో చిన్న ప్రదర్శన పెట్టాలని నిర్వాహకులు అనుకుంటున్నారు. ఎవరి ఇంట్లోనైనా నాన్నగారి స్కూటరు బుకింగు రసీదు, సైకిలుకు మున్సిపాలిటీ వాళ్లిచ్చిన బిళ్ల, కారు పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఉంటే తీసుకురండి. జాగ్రత్తగా తిరిగి ఇచ్చే పూచీ నాది. నా వంతుగా పుష్పక్ ఆర్‌సీ పుస్తకం తెస్తున్నాను. ఆ గదిలో బోర్డు ఇంకా ఉందట. మాస్టారి శిష్యుల్లో బొమ్మ గీయగలిగినవాళ్లు ఎవరైనా కొంచెం ముందుగా వస్తే, టూ స్ట్రోక్ ఇంజను గీయించి పెడదాం. సుద్దముక్కలు నేను తెస్తాను.