మన సీమలో ధ్యానగోష్ఠి

డోర్నకల్లు నుండి తూర్పుగా పోవు రైలుమార్గము కారేపల్లి కడ రెండుగా చీలుచున్నది. ఒక దారి ఇల్లెందు బొగ్గుగనులకు పోవును. రెండవది కొత్తగూడెము చేరి భద్రాచల యాత్రికులకు అడవిబాట చూపును. ఈ కూడలికి ఆనుకొనియున్న సింగరేణి గ్రామము పేరే దేశమెల్ల నెరిగిన బొగ్గు సంస్థకు పేరైనది. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. నేల అడుగున ఏమున్నదో త్రవ్విచూచిన గాని తెలియదని ఈ సీమవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఐతే ఈ నేల బొగ్గుతోబాటు మరియొక నిధిని గూడ తనలో దాచుకొనియున్నది. అది మనస్సును మనస్సుతోనే పరిశీలించు విద్య. పాళీ భాషలో దానిని ‘సతి’ యనియు ‘విపస్సన’ యనియు అందురు. మనము స్మృతి యనియు విపశ్యన యనియు చెప్పుకొందము.

నేడు ఈ విద్య పట్టణములలో ‘మైండ్‌ఫుల్‌నెస్’ అను పేర వినబడుచున్నది. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో జాన్ కబాట్-జిన్ అను ఆచార్యుడు దీర్ఘరోగులకై దీనిని ఎనిమిది వారముల శిక్షణగా మలచెను. అందుచేత పలువురు ఇది పడమటినుండి వచ్చిన క్రొత్త పోకడ యనుకొనుచున్నారు. ఆ భావము సరికాదు. ఇది ఒకప్పుడు కృష్ణా, మున్నేరు, మూసీ తీరములలో సాగిన సాధన. ఇచ్చట అది యెట్లు నిలిచినది, ఎందుచేత మాసిపోయినది, ఎవరిచేతిమీదుగ తిరిగివచ్చినది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే మా ప్రసంగోద్దేశము.

ముందుగా ఆ విద్య స్వరూపమును రెండు మాటలలో చెప్పెదము. జరుగుచున్నదానిని జరుగుచున్నప్పుడే మరువక ఎరుకతో గమనించుట స్మృతి. అట్లు గమనింపగా దేహమునందును మనస్సునందును పుట్టినదెల్ల గతించుచున్నదని స్వయముగ తెలిసికొనుట విపశ్యన. గమనింపవలసిన విషయములు నాలుగు: కాయము, వేదన, చిత్తము, ధర్మములు. ఇచ్చట వేదన యనగా బాధ యని మాత్రమే అర్థము కాదు. సుఖము, దుఃఖము, రెండును కానిది, ఈ మూడు విధముల అనుభూతియు వేదనయే. కాలు తిమ్మిరెక్కినప్పుడు విసుగుకొనక, చల్లనిగాలి తగిలినప్పుడు మురిసిపోక, రెండింటిని సమబుద్ధితో చూచుట ఈ అభ్యాసములోని కీలకము.

ఇక చరిత్రకు వత్తము. ఖమ్మమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున నేలకొండపల్లి యున్నది. అచ్చట పురావస్తుశాఖవారు త్రవ్వగా ఇటుకల మహాస్తూపము, విహారముల పునాదులు, బావులు, నీటితొట్లు, కంచు బుద్ధప్రతిమ, సున్నపురాతి శిల్పములు బయల్పడినవి. అవి క్రీస్తుశకము 3, 4 శతాబ్దుల నాటివని నిర్ణయించిరి. కొత్తగూడెమునకు చేరువనున్న కారుకొండపై బండలలో మలచిన బుద్ధప్రతిమలు కలవు. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరిపై స్తూపము, చైత్యములు, విహారములు, చెక్కడపు తోరణములు వెలువడినవి. ఇక్ష్వాకురాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనావర్షమున రాజవైద్యుడొకడు ఇచ్చట ధర్మచక్రమును నెలకొల్పెనని అచ్చటి శాసనము చెప్పుచున్నది. రోగుల నాడి చూచిన చేతులతో ఒక వైద్యుడు ఆ స్తంభమును నిలిపెనను సంగతి గమనింపదగినది. కొండలమీది విహారములకు ఊరివారితో పొత్తు లేదనుకొనుట పొరపాటు.

ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము కృష్ణాతీరమందలి భట్టిప్రోలున దొరికినది. 1892లో అలెగ్జాండర్ రే అను పురాతత్త్వవేత్త అచ్చటి స్తూపగర్భమున ధాతుకరండములను కనుగొనెను. వానిపై బ్రాహ్మీలిపిలో చెక్కిన వ్రాతలు మన దేశమున లభించిన మిక్కిలి ప్రాచీన శాసనములలో చేరినవి. వానియందు ‘గోఠి’ యను మాట కలదు. అదియే గోష్ఠి, అనగా ఊరిపెద్దలును వర్తకులును గృహస్థులును కూడి ఏర్పరచుకొనిన సంఘము. కుబేరకుడను రాజు ‘సింహగోష్ఠి’కి ముఖ్యుడని అందున్నది. గోష్ఠిసభ్యుల పేర్లు వరుసగా చెక్కబడియున్నవి. రాజు తన రాజ్యమునకు ప్రభువైనను ఇచ్చట గోష్ఠికి ముఖ్యుడుగనే నిలిచెను. రెండువేల సంవత్సరములకు పూర్వమే మన తెలుగునేలపై ధర్మమును స్థానిక సంఘము తన చేతులతో పట్టి నిలిపినదని చెప్పుటకు ఇంతకంటె నేమి కావలయును?

నాగార్జునకొండ శాసనములు ఈ విషయమునే మరింత విపులముగ తెలుపుచున్నవి. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని 14వ పాలనావర్షమున బోధిసిరి యను ఉపాసిక శ్రీపర్వతమందలి చుల్ల ధర్మగిరిపై చైత్యగృహమును కట్టించి ఆచార్యులకు సమర్పించెను. ఆమె రాణి గాదు, గృహిణి. ఆ శాసనమున కాశ్మీరము, గాంధారము, చీన, వంగ, వనవాసి, తామ్రపర్ణి మున్నగు దేశముల పేర్లు కలవు. తామ్రపర్ణి యనగా సింహళము. సింహళ భిక్షువులు వచ్చి నివసించుటకు సింహళవిహారము గూడ ఆ లోయలో నుండెను. ఈ రాకపోకల ఫలితమేమన, కృష్ణాలోయయందును సింహళమందును ఒకే పాఠము, ఒకే అభ్యాసము రెండు గట్లపై రెండు దీపములవలె వెలిగినవి. తరువాత ఒకటి ఆరినను రెండవది వెలుగుచునే యుండెను.

5వ శతాబ్దిలో బుద్ధఘోషాచార్యుడు సింహళమందలి అనురాధపురమున విశుద్ధిమార్గమను గ్రంథమును రచించెను. ఆయన సంప్రదించిన ప్రాచీన వ్యాఖ్యలలో ‘అంధక అట్ఠకథ’ యను ఆంధ్రదేశ వ్యాఖ్య యొకటి. విశుద్ధిమార్గమున శ్వాసను గమనించు పద్ధతిని చెప్పుచు ఆయన ధాన్యము కొలుచువానిని ఉపమానముగ తెచ్చెను. కొలుచువాడు కుంచము నింపి ‘ఒకటి’ యని పోయును. మరల నింపునప్పుడు చెత్త కనబడిన తీసి పారవేయుచు ‘ఒకటి, ఒకటి’ యనుచునే యుండును. క్రొత్తగ నేర్చువాడు తన శ్వాసను అట్లు నెమ్మదిగ లెక్కింపవలయును. లెక్క ఐదుకు తగ్గరాదు, పదికి మించరాదు. మన కల్లములలో ‘లాభము, రెండు, మూడు’ అని కొలిచిన గొంతుకలను వినినవారికి ఈ ఉపమానమునకు వ్యాఖ్య అక్కరలేదు. ఎంతటి గహనమైన విద్యయైనను కల్లములోని కుంచముతో బోధింపవచ్చునని ఆ ఆచార్యుడెరుగును.

మరి ఇంతటి విద్య ఇచ్చట ఎందుకు మాసినది? 7వ శతాబ్దిలో చీనాయాత్రికుడు హ్యూయన్‌త్సాంగు ధాన్యకటకమునకు వచ్చి కొంతకాలము నిలిచి శాస్త్రము చదివెను. అచ్చట సంఘారామములు పెక్కులున్నను అధికము పాడుపడియున్నవనియు, ఇరువది మాత్రము నిలిచియున్నవనియు ఆయన వ్రాసెను. ఇక్ష్వాకుల పతనముతో రాజాశ్రయము తగ్గినది. రోమకులతో సాగిన సముద్రవర్తకము సన్నగిల్లి దాతలైన వర్తకుల బలము క్షీణించినది. శైవ వైష్ణవ దేవాలయములు ప్రజాజీవనమునకు కేంద్రములైనవి. చరిత్రకారులు చెప్పు కారణములివి. వీనికి మేము మరియొకటి చేర్చెదము. గృహస్థులు విహారములకు దానములిచ్చిరి గాని, ధ్యానాభ్యాసము మాత్రము క్రమముగ విహారముల గోడలలోనే మిగిలినట్లు తోచుచున్నది. విహారము కూలినప్పుడు అభ్యాసము గూడ దానితో కూలెను. స్తూపము ఇటుకలతో నిలుచును. సాధన మనుష్యులతో గాని నిలువదు.

దీనికి ప్రతిగా మన కన్నులయెదుటనే యొక ఉదాహరణము కలదు. అదే నేలకొండపల్లి కంచర్ల గోపన్నకు జన్మస్థలము. 17వ శతాబ్దిలో ఆయన భద్రాచలమున రామాలయము కట్టించి, గోలకొండ చెరసాలలో మ్రగ్గి, రామదాసై ప్రసిద్ధికెక్కెను. ఆ ఆలయమెంత నిలిచినదో ఆ పాటలును అంత నిలిచినవి. కారణము స్పష్టము. ఆ కీర్తనలను పండితులకు విడిచిపెట్టక ఊరూర భజనమండలులు తమ గొంతులలో దాచుకొన్నవి. శనివారమునాడు నలుగురు చేరి తాళములు పట్టిన చోట నెల్ల అవి బ్రతికినవి. ధ్యానవిద్యకు మన సీమలో అట్టి మండలి లేకపోయెను.

ఆ మండలి బర్మాదేశమున ఏర్పడినది. 1885లో ఆంగ్లేయులు ఉత్తర బర్మాను ఆక్రమించి రాజును తొలగింపగా, ధర్మమునకు రాజాశ్రయము పోయెనని అచ్చటివారు కలతపడిరి. ఒకనాడు మన కృష్ణాతీరమున వచ్చిన ఆపద వంటిదే అది. అప్పుడు లెడీ సయడో (1846–1923) అను భిక్షువు దేశమెల్ల తిరిగి, సామాన్యభాషలో చిన్నపుస్తకములు వ్రాసి, ఊరూర గృహస్థుల పఠనసంఘములను నెలకొల్పెను. ధ్యానము గృహస్థులకు గూడ తగినదని బోధించెను. రంగూను నదికి ఆవలి యొడ్డున ప్యాబ్వేజీ గ్రామపు రైతు సయా థెట్‌జీ (1873–1945) కలరావ్యాధిలో బిడ్డలను కోల్పోయి, శాంతి వెదకుచు పోయి, ఆయనకు శిష్యుడై, తరువాత తన పొలములోనే కూలీలకును గ్రామస్థులకును ధ్యానము నేర్పెను. 1937లో ఆయనకడ నేర్చిన ఊ బా ఖిన్ (1899–1971) లెక్కల కచేరీ ఉద్యోగి. 1948లో స్వతంత్ర బర్మాకు ఆయన అకౌంటెంట్ జనరలయ్యెను. 1950లో తన కచేరీలోనే ఉద్యోగుల విపశ్యనా సంఘమును, 1952లో రంగూనున ధ్యానకేంద్రమును స్థాపించెను. భిక్షువు, రైతు, గుమాస్తా! గోష్ఠి మరల ప్రాణము పోసికొనిన తీరు ఇది.

ఆ రంగూనునే మనవారు ‘రంగము’ అని పిలిచిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి వేలాది తెలుగు కూలీలు అచ్చటికి పోయి రేవులలో మూటలు మోసిరి. బియ్యపు మిల్లులలో పనిచేసిరి. 1942లో జపాను దండయాత్రకు వెరచి ఎందరో కొండలు, అడవులు నడచి తిరిగివచ్చిరి. తమ పూర్వుల నేలపై ఒకప్పుడు వెలసిన విద్య అదే నగరపు టంచున సజీవముగ నున్నదని వారిలో నెందరికి తెలియును? పొట్టకూటి బరువు అట్టిది.

1955లో మాండలేలో పుట్టిన భారతీయ వర్తకుడు సత్యనారాయణ గోయెంకా (1924–2013) తీరని తలనొప్పితో ఊ బా ఖిన్ కడకు వెళ్లెను. రోగము కుదుర్చుకొనుటకు మాత్రమే వచ్చినచో నేర్పనని గురువు మొదట నిరాకరించెను. తరువాత నేర్చి, పదునాలుగేండ్లు అభ్యసించి, గోయెంకా 1969లో భారతదేశము చేరి జూలైలో బొంబాయియందు మొదటి శిబిరము నడిపెను. 1976లో హైదరాబాదున, నాగార్జునసాగరమునకు పోవు బాటపై, ‘ధమ్మఖేత్త’ కేంద్రము వెలసెను. తరువాత నాగార్జునసాగరమున ‘ధమ్మ నాగజ్జున’ ఏర్పడెను. బోధిసిరి కట్టించిన చైత్యగృహపు తావు 1967లో పూర్తియైన ఆనకట్ట వెనుక నీట మునిగినది. ఆ విద్య మాత్రము ఆ నీటి యొడ్డుననే మరల నేర్పబడుచున్నది.

ఈ సంప్రదాయమున శిక్షణ పది దినములు. తెల్లవారుజామున 4 గంటలకు లేచి రాత్రి 9 గంటలవరకు మౌనముతో సాధన సాగును. మొదటి మూడుదినములు ముక్కుపుటములకడ శ్వాసను గమనించుట. నాలుగవదినము నుండి శిరస్సు మొదలు పాదములవరకు దేహమందలి అనుభూతులను గమనించుట. చివర సర్వప్రాణులయెడ మైత్రీభావన. రుసుము లేదు. పూర్వము నేర్చినవారిచ్చిన దానముతో క్రొత్తవారికి అన్నము, వసతి కలుగును. దిక్సూచనలు తెలుగున గూడ వినిపింతురు.

ఐతే పది దినములు విత్తనము మాత్రమే. ఇంటికి వచ్చిన పిదప ఉదయము ఒక గంట, సాయంత్రము ఒక గంట కూర్చుండుమని చెప్పుదురు. మొదటి నెల సాగును. రెండవ నెల పంటకోతయో పెండ్లియో అడ్డువచ్చును. మూడవ నెల మరపు. అందుచేతనే పాతసాధకులు వారమునకొకమారు కలసి గంటసేపు మౌనముగ కూర్చుండు సామూహిక సాధనను విధించిరి. ఒంటరిగ కదలిపోవు మనస్సు నలుగురిలో నిలుచును. ప్రక్కవాడు కదలక కూర్చున్నప్పుడు మనము లేచిపోవుటకు సిగ్గుపడుదుము. ఆ సిగ్గు గూడ మేలే చేయును.

కారేపల్లి వంటి యూరిలో ఇట్టి బృందమునకు కావలసినదేమి? భవనములు గావు. ఒక శుభ్రమైన గది, నాలుగు చాపలు, తప్పని యొక సమయము, సరిగ నేర్చిన ఒకరిద్దరు చాలును. గనిలో పనిముగించినవాడు, తండానుండి వచ్చిన యువతి, బడిపంతులు, రైతు ఒకే చాపపై కూర్చుండవచ్చును. శ్వాసకు కులము లేదు, మతము లేదు. రామభజనకు పోవువాడు అది మానవలసిన పని లేదు. ఒక హెచ్చరిక మాత్రము చెప్పవలసియున్నది: తీవ్రమైన మనోవ్యాధితో బాధపడువారు వైద్యుని సలహా లేక దీర్ఘసాధనలో దిగరాదు. వైద్యమునకు బదులుగ ధ్యానమును చెప్పువారిని నమ్మరాదు.

నేలకొండపల్లి ఇటుకలను కాపాడుటకు ప్రభుత్వశాఖలున్నవి. ఆ ఇటుకల నడుమ సాగిన సాధనను కాపాడుటకు శాఖ యేదియు నుండదు. ఒకమారు అది మన చేజారి, సముద్రములు దాటి, పరాయి రైతుల, గుమాస్తాల దయచేత పదునాలుగు పదునైదు శతాబ్దుల తరువాత తిరిగివచ్చినది. మరల జారిన మరెవ్వరు దాచియుంతురో మనకు తెలియదు. కావున వారమునకొక గంట నలుగురు కూడి కూర్చుండుట చిన్నపనిగ కనబడినను, భట్టిప్రోలు గోష్ఠి వారు కరండముపై తమ పేర్లు చెక్కించి పూనిన భారమే అది యని శ్రోతలు గ్రహింతురు గాక.