శుద్ధ డీజిల్ అనే అబద్ధం: కొన్నవారు, పీల్చినవారు

మా ఘంటసాలకు కంటకశైలమనే ప్రాచీన నామం ఉన్నది. క్రీస్తుశకం రెండవ శతాబ్దికి చెందిన టాలెమీ తన భూగోళ గ్రంథంలో దీనిని ఒక వర్తక కేంద్రంగా పేర్కొన్నాడు. సముద్రం దాటి వచ్చిన కొనుగోలుదారు సరుకు పుట్టిన చోటును చూడలేడు. తూకాన్ని, ముద్రను, అమ్మినవాని మాటను నమ్మి కొనవలసినదే. రెండు వేల ఏళ్ల తరువాత కూడా మన స్థితి ఇందుకు భిన్నంగా లేదు. మనం కొన్న కారు ఎంత విషవాయువును వదులుతున్నదో మన కంటికి తెలియదు. ప్రభుత్వం ఇచ్చిన ధ్రువపత్రమే మనకు ముద్ర. ఆ ముద్రనే ఒక మహా సంస్థ మోసంతో సంపాదించిందని 2015లో లోకానికి తెలిసింది. అప్పుడు కొన్నవారు ఏం చేశారో, పీల్చినవారికి ఏం మిగిలిందో ఈ వ్యాసంలో మీ ముందుంచుతాను.

మోసం జరిగిన తీరు

జర్మనీకి చెందిన వోక్స్‌వ్యాగన్ సంస్థ 2008 చివరి నుంచి అమెరికాలో ‘శుద్ధ డీజిల్’ పేరిట కార్లను విక్రయించింది. డీజిల్ ఇంజిను మైలేజీ ఎక్కువ ఇస్తుంది కాని నైట్రోజన్ ఆక్సైడ్లను అధికంగా వెలువరిస్తుంది. వాటిని అదుపు చేసే పరికరాలు నిరంతరం పనిచేస్తే ఇంధనమో, యూరియా ద్రావణమో ఎక్కువ ఖర్చవుతుంది. కొన్ని భాగాలు త్వరగా అరుగుతాయి. ఈ చిక్కును తప్పించుకోవడానికి కారులోని కంప్యూటరులో ఒక రహస్య ఏర్పాటు చేశారు. స్టీరింగు తిరగకుండా చక్రాలు మాత్రమే తిరగడం, వేగంలోని హెచ్చుతగ్గులు, ఇంజిను నడిచిన సమయం, వాయుపీడనం వంటి గుర్తులను బట్టి ఇప్పుడు పరీక్ష జరుగుతున్నదని అది పసిగట్టేది. పరీక్షశాలలో నియంత్రణ పూర్తిగా పనిచేసేది, రోడ్డెక్కగానే సడలిపోయేది.

దీనిని బయటపెట్టినవారిలో దక్షిణ భారతీయులు ఉండడం మనం గుర్తుంచుకోదగిన విషయం. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో డాన్ కార్డర్ నాయకత్వాన పనిచేసిన చిన్న బృందంలో బెంగళూరు నుంచి వెళ్లిన హేమంత్ కప్పన్న, చెన్నై నుంచి వెళ్లిన అరవింద్ తిరువేంగడం, వారి సహచరుడు మార్క్ బెష్ ఉన్నారు. వారు కొలిచే యంత్రాన్ని కారు వెనుక అమర్చుకొని రోడ్డుమీద నడిపారు. ఒక కారు పరిమితికి 15 నుంచి 35 రెట్లు, మరొకటి 5 నుంచి 20 రెట్లు నైట్రోజన్ ఆక్సైడ్లను వదిలాయి. 2014లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఏడాదికి పైగా సంస్థ సాకులు చెప్పింది. చివరకు 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ బహిరంగంగా నోటీసు జారీ చేసింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటి 10 లక్షల వాహనాలలో ఈ ఏర్పాటు ఉన్నట్లు సంస్థ ఒప్పుకున్నది. అయిదు రోజులకే దాని అధిపతి మార్టిన్ వింటర్‌కార్న్ పదవి నుంచి తప్పుకున్నాడు.

అమెరికాలో ఆగ్రహం

అమెరికా యజమానుల కోపానికి ఒక ప్రత్యేకత ఉన్నది. వారిలో చాలామంది పర్యావరణంపై శ్రద్ధతో, సాధారణ కారుకన్న ఎక్కువ ధర చెల్లించి ‘శుద్ధ డీజిల్’ కొన్నవారు. గాలికి మేలు చేస్తున్నామని సంతోషించినవారికి, తామే అందరికన్న ఎక్కువ విషం చిమ్ముతున్నామని ఒక్క రోజులో తెలిసింది. డబ్బు పోయిన బాధకన్న తమ మంచితనాన్ని పెట్టుబడిగా వాడుకున్నారన్న అవమానం వారిని ఎక్కువగా కలచివేసింది. కారును అమ్ముదామంటే రీసేల్ ధర పడిపోయింది. నడుపుదామంటే మనస్సు ఒప్పలేదు. వందలాది దావాలు దాఖలై, శాన్ ఫ్రాన్సిస్కోలో న్యాయమూర్తి చార్లెస్ బ్రేయర్ ముందుకు చేరాయి. ‘శుద్ధ డీజిల్’ ప్రకటనలు మోసపూరితమని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 మార్చిలో విడిగా దావా వేసింది.

ఫలితంగా 2016లో 1,470 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది. సుమారు 4 లక్షల 75 వేల కార్ల యజమానులు తమ కారును కుంభకోణానికి ముందున్న ధరకు తిరిగి ఇచ్చివేయవచ్చు, లేదా ఉచితంగా సరిచేయించుకోవచ్చు. దానికి తోడు ఒక్కొక్కరికి 5,100 నుంచి 10,000 డాలర్ల వరకు పరిహారం. అత్యధికులు తిరిగి ఇచ్చివేయడానికే మొగ్గు చూపారు. అలా వచ్చిన లక్షలాది కార్లను ఎడారి మైదానాలలో, పాడుబడిన క్రీడాంగణంలో వరుసలుగా నిలిపి ఉంచవలసి వచ్చింది. 2017 జనవరిలో సంస్థ నేరాన్ని అంగీకరించి మరో 430 కోట్ల డాలర్ల జరిమానాకు తలవంచింది.

ఐరోపాలో జాప్యం

స్వదేశంలో వినియోగదారునికి ఇంత త్వరగా న్యాయం దక్కలేదు. ఐరోపాలో అధిక సంఖ్యలో ఈ కార్లు ఉన్నా, మొదట వారికి దక్కినది సాఫ్ట్‌వేర్ మార్పు మాత్రమే. పైగా కొన్ని జర్మన్ నగరాలు పాత డీజిల్ కార్ల ప్రవేశాన్ని నిషేధించవచ్చునని 2018 ఫిబ్రవరిలో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం తీర్పు ఇవ్వడంతో, కారు విలువ తరిగి యజమానులు రెండుసార్లు నష్టపోయారు. జర్మనీలో అమెరికా తరహా సామూహిక దావాకు అప్పటివరకు చట్టమే లేదు. ఈ ఉదంతం తరువాతనే అటువంటి చట్టం వచ్చింది. 2020లో వినియోగదారుల సంఘాల సమాఖ్యతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఒక్కొక్కరికి 1,350 నుంచి 6,257 యూరోల వరకు లభించింది. బ్రిటన్‌లో దాదాపు 91,000 మంది కలిసి పోరాడి 2022 మేలో 19.3 కోట్ల పౌండ్ల పరిష్కారం సాధించారు.

మరొక సత్యాన్ని కూడా మరువరాదు. ఇంత అలజడి జరిగిన మరుసటి ఏడే, 2016లో, వోక్స్‌వ్యాగన్ అమ్మకాలలో టయోటాను మించి ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. మోసపోయిన యజమాని కోపం నిజమే కాని, కొత్తగా కొనేవాని జ్ఞాపకశక్తి చాలా తక్కువ.

మన దేశంలో నిశ్శబ్దం

తెలుగువారికి ఈ సంస్థ పేరు అంతకు పదేళ్ల ముందే పరిచయం. విశాఖపట్టణంలో కారు కర్మాగారం వస్తుందన్న ఆశతో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 2005లో వశిష్ట వాహన్ అనే సంస్థకు 11 కోట్ల రూపాయలు చెల్లించింది. ఆ సంస్థతో తమకు సంబంధం లేదని వోక్స్‌వ్యాగన్ ప్రకటించగా, వ్యవహారం సీబీఐ దర్యాప్తుకు వెళ్లింది. కర్మాగారం పుణె సమీపంలోని చాకణ్‌కు తరలిపోయింది. అది వేరే కథ. ఆనాడు మన పత్రికలు, సభలు దానిని నెలల తరబడి చర్చించాయి. పొగ మోసం గురించి మాత్రం ఆ స్థాయి చర్చ మన మధ్య జరగలేదు.

2015 డిసెంబరులో సంస్థ భారతదేశంలో 3,23,700 వాహనాలను వెనక్కి పిలిచి సరిచేస్తానని ప్రకటించింది. వీటిలో వోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి కార్లు మూడూ ఉన్నాయి. పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ రోడ్డుమీద కొలిచినప్పుడు ఉద్గారాలు భారత్ స్టేజ్-4 పరిమితికి 1.1 నుంచి 2.6 రెట్లు ఉన్నట్లు తేలింది. రోడ్డుమీది ఉద్గారాలకు భారతదేశంలో ప్రమాణమే లేదు కనుక తాము చట్టాన్ని ఉల్లంఘించలేదని సంస్థ వాదించింది. ఆ వాదనలోని మొదటి సగం నిజం కావడమే మన దౌర్భాగ్యం.

జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లినవారు కొద్దిమంది పౌరులు మాత్రమే. ట్రిబ్యునల్ నియమించిన నిపుణుల సంఘం, ఈ కార్ల వలన 2016లో ఒక్క ఢిల్లీలోనే సుమారు 48 టన్నులకు పైగా నైట్రోజన్ ఆక్సైడ్లు వెలువడ్డాయని, ఆరోగ్య నష్టం 171.34 కోట్ల రూపాయలని లెక్కకట్టింది. 2019 మార్చి 7న ట్రిబ్యునల్ 500 కోట్ల రూపాయల జరిమానా విధించగా, మే నెలలో సుప్రీంకోర్టు దాని వసూలుకు బలవంతపు చర్యలను నిలిపివేసింది. ఉత్తర ప్రదేశ్‌లో ఆడి కార్లు కొన్న ఒక వినియోగదారు పెట్టిన పోలీసు కేసును కొట్టివేయడానికి మాత్రం 2020 నవంబరులో సుప్రీంకోర్టు నిరాకరించింది.

మన యజమానులు ఎందుకు మౌనంగా ఉన్నారు? కారణం సులభమే. అమెరికన్ ‘శుద్ధి’ని కొన్నాడు; మనవాడు మైలేజీని కొన్నాడు. పెట్రోలుకన్న డీజిల్ చౌక కనుక డీజిల్ కారు కొన్నాడు. ఆ మైలేజీ అతనికి అందుతూనే ఉన్నది. తనకు నష్టమేమీ కలుగలేదని అతను భావించాడు. తన దృష్టిలో అది సబబే. నష్టపోయినవారు కారు లోపల లేరు.

వైద్యుని లెక్క

నైట్రోజన్ డయాక్సైడ్ నీటిలో అంతగా కరగదు. అందువలన ముక్కులో, గొంతులో ఆగిపోక ఊపిరితిత్తుల లోతైన చిన్న గొట్టాల దాకా వెళ్తుంది. అక్కడ వాపు కలిగించి, ఉబ్బసాన్ని రేపి, సూక్ష్మక్రిములకు దారి చేస్తుంది. ఎండలో ఇదే వాయువు ఓజోనుకు మూలమవుతుంది. యూరియా చల్లిన పొలాల నుంచి, పశువుల కొట్టాల నుంచి వచ్చే అమోనియాతో కలిసినప్పుడు రక్తంలోకి చొరబడగల సూక్ష్మ ధూళికణాలుగా మారుతుంది. కనుక ఇది నగరాలకే పరిమితమైన సమస్య అని మన డెల్టావాసులు అనుకోనవసరం లేదు. డీజిల్ పొగ మనుషులలో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012 జూన్‌లోనే నిర్ధారించింది.

జర్మనీలో అమ్మిన ఈ సంస్థ కార్ల అదనపు ఉద్గారాల వలన ఐరోపాలో సుమారు 1,200 అకాల మరణాలు సంభవిస్తాయని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు 2017లో అంచనా వేశారు. ఈ సంఖ్యలో ఏ ఒక్కరి పేరూ మనకు తెలియదు. ఆసుపత్రి కేసుషీటులో ‘ఉబ్బసం’ అని రాస్తాము, ‘గుండెపోటు’ అని రాస్తాము. ఎవరి పొగ వలన అని రాయడానికి అందులో గడి లేదు. కారు కొన్నవానికి రశీదు ఉన్నది కనుక పరిహారం వచ్చింది. గాలి పీల్చినవానికి రశీదు ఎక్కడిది? అమెరికా రాజీలో కాలుష్య నివారణకు 270 కోట్ల డాలర్లు కేటాయించి పాత బస్సులను, లారీలను మార్చడానికి వాడారు. పీల్చినవారికి పరోక్షంగా దక్కినది అంతే.

మారినది, మనం చేయవలసినది

ఈ ఉదంతం తరువాత మన దేశంలో కొంత మేలు జరిగింది. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి కొత్త కార్లను రోడ్డుమీద నడుపుతూ కూడా పరీక్షించాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించే అధికారం 2019 మోటారు వాహనాల సవరణ చట్టంతో ప్రభుత్వానికి లభించింది. అదే ఏడాది వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, లోపమున్న వస్తువుకు తయారీదారునే బాధ్యుణ్ణి చేసింది; ఒకే రకంగా నష్టపోయినవారు కలిసి ఫిర్యాదు చేసే వీలునూ కొనసాగించింది.

అయినా ఒక విషయం గ్రహించండి. పెట్రోలు బంకు దగ్గర మనం తీసుకొనే పొల్యూషన్ సర్టిఫికెట్, డీజిల్ బండి పొగ ఎంత నల్లగా ఉన్నదో మాత్రమే చూస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవదు. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన పొగ నిరపాయమని కాదు.

అందువలన నా సూచనలు కొన్ని. మీ కారుకు రీకాల్ ప్రకటన వస్తే, బండి బాగానే నడుస్తున్నదని ఉపేక్షించక వెంటనే చేయించండి; ఆ కాగితం భద్రపరచండి. మైలేజీ పెరుగుతుందని చెప్పి రిపేరు షెడ్డులో పొగ నియంత్రణ పరికరాన్ని తొలగిస్తామంటే అంగీకరించకండి. అది మీ చేతులతో మీరు చేసే చిన్న వోక్స్‌వ్యాగన్ మోసమే. చెరువు గట్టున, దుకాణం ముందు డీజిల్ ఇంజిను నడిపేటప్పుడు పొగగొట్టం ఇళ్లవైపు, పిల్లలున్నవైపు లేకుండా అమర్చండి. అమ్మినవారు చెప్పినదానికి, వస్తువు చేసేదానికి పొంతన లేకపోతే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు ఉంటే, వారు ఏ దారిలో, ఏ వేళలో ఎక్కువగా ఇబ్బంది పడుతున్నారో ఒక పుస్తకంలో రాసి మీ వైద్యునికి చూపండి. కేసుషీటులో లేని ఆ గడిని మనమే పూరించడం మొదలుపెట్టాలి.