కత్తెర నుంచి కట్టర్ దాకా

పెరట్లో చిన్న పనిగది పెట్టుకున్నవాళ్లు రేకు కోయాల్సి వస్తే ముందుగా అందుకునేది గ్రైండర్‌నే. తెలుగు ఊళ్లలో ఏ వెల్డింగ్ షాపు ముందు నిలబడినా అదే దృశ్యం: కడ్డీకీ గ్రైండరే, గొట్టానికీ గ్రైండరే, పల్చటి జీఐ షీటుకీ గ్రైండరే. కానీ రేకు కోసమే పుట్టిన చేతి యంత్రాలు వేరే ఉన్నాయి. వాటిలో ఒకటి, ఇప్పుడు అందరూ వాడే వేగపు గ్రైండర్ కంటే రెండు దశాబ్దాలు పెద్దది. ఏ యంత్రం ఏ చిక్కు తీర్చడానికి వచ్చిందో తెలిస్తే, ఏది కొనాలన్న ప్రశ్న సగం తేలిపోతుంది.

పల్చటి ఇనప రేకు మామూలు ఇళ్ల దాకా చేరింది పంతొమ్మిదో శతాబ్దంలో. 1829లో ఇంగ్లండులో హెన్రీ రాబిన్సన్ పామర్ అనే ఇంజనీరు ముడతల రేకుకి పేటెంట్ తీసుకున్నాడు. 1837లో ఫ్రాన్సులో స్టనిస్లాస్ సొరెల్, ఇనుము తుప్పు పట్టకుండా జింకు పూత వేసే పద్ధతికి పేటెంట్ పొందాడు. ఈ రెండూ కలిసి ప్రపంచమంతటా రేకుల కప్పులయ్యాయి. మన రేకుల షెడ్లదీ ఆ వంశమే. మిల్లులో రేకుని సాగదీసే పని యంత్రాలకి వెళ్లిపోయినా, కోత మాత్రం చాలాకాలం చేతి కత్తెరకే మిగిలింది. పొడవాటి కోతలో తెగిన అంచుని ఒక పక్క పైకి లేపుతూ, రెండో పక్క అణిచిపెడుతూ సాగాలి. వేళ్లు బొబ్బలెక్కేవి. అంచు వంకర్లు పోయేది.

ఆ బాధ తీర్చిన ఊరు జర్మనీలోని స్టుట్‌గార్ట్. అక్కడి ఫైన్ కంపెనీ 1895లోనే విద్యుత్తుతో నడిచే చేతి డ్రిల్‌ని తయారుచేసింది. అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్ పిస్తోలు పిడి, మీట ఉన్న డ్రిల్‌కి 1917లో పేటెంట్ పొందింది. మోటారు చేతిలో ఒదిగిందంటే దాని ముందు ఏ పనిముట్టు బిగించాలన్నదే మిగిలిన ప్రశ్న. స్టుట్‌గార్ట్‌లోనే ఉన్న ట్రంఫ్ కంపెనీ 1934లో దానికి కత్తెరని బిగించింది. అదే పవర్ షియర్. కింది బ్లేడు కదలదు. పై బ్లేడు నిమిషానికి వేలసార్లు చిన్నచిన్నగా కొరుకుతుంది. చేయి చేయాల్సిందల్లా దారి చూపడమే. నిప్పురవ్వలు లేవు, పొగ లేదు, జింకు పూత మాడదు.

కత్తెరకి ఇరుకు మలుపులంటే కష్టం, ముడతల రేకంటే మరీ కష్టం. అక్కడ పనికొచ్చేది నిబ్లర్. ఇది రేకుని కోయదు, పొడుస్తుంది. కింద అచ్చు, పైన పంచ్. ఒక్కో పోటుకి నెలవంక లాంటి చిన్న ముక్క రాలుతుంది. పక్కనున్న రేకు మీద ఒత్తిడి పడదు కాబట్టి షీటు చదునుగానే ఉంటుంది. మధ్యలో రంధ్రం కోయాలన్నా ముందు ఒక బెజ్జం వేసుకుంటే చాలు. రాలిన ముక్కలు మాత్రం సూదుల్లా ఉంటాయి. చెప్పుల్లేకుండా ఆ గదిలో అడుగుపెట్టకూడదు.

జిగ్‌సా పుట్టుక ఇంకో దారి. స్విట్జర్లాండులోని సింటిల్లా కంపెనీలో ఇంజనీరు ఆల్బర్ట్ కౌఫ్‌మన్ 1946లో కుట్టుమిషన్ సూది స్థానంలో రంపపు బ్లేడు పెట్టి చూశాడని చెబుతారు. అది మొదట చెక్క పనివాళ్ల నేస్తం. సన్నటి పళ్ల బ్లేడు వేస్తే రేకునీ కోస్తుంది గానీ, కింద చెక్క ఆనించకపోతే పల్చటి షీటు దడదడలాడి అంచు చిరుగుతుంది.

ఇక గ్రైండర్. స్టుట్‌గార్ట్ పక్క వీధుల కథే ఇదీ. ఆకర్‌మన్, ష్మిట్ అనే ఇద్దరు 1922లో పెట్టిన కంపెనీ 1954లో వేగంగా తిరిగే యాంగిల్ గ్రైండర్ డీఎల్ 9ని తెచ్చింది. వెల్డింగ్ అతుకులు నునుపు చేయడానికి, మందపాటి ఇనుముకి దానికి సాటి లేదు. పల్చటి రేకు దగ్గరే దాని బలం దోషమవుతుంది. రాపిడి వేడికి అంచు నీలం తిరుగుతుంది, ముళ్లు లేస్తాయి, కోత వెంట జింకు పూత కాలిపోయి తుప్పుకి తలుపు తెరుచుకుంటుంది. జింకు 907 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగి ఆవిరవుతుంది. ఆ పొగ పీలిస్తే రాత్రికి జ్వరం, వణుకు. పైగా 115 మిల్లీమీటర్ల చక్రం అంచు సెకనుకి 80 మీటర్ల దాకా వేగం అందుకుంటుంది. పని త్వరగా సాగాలని గార్డు ఊడదీసి, కళ్లద్దాలు పక్కన పెట్టే అలవాటు మన షాపుల్లో ఇంకా పోలేదు. విరిగిన చక్రం ముక్క ఎవరి కన్నునీ వదలదు.

అందుకే ఇంటి పనిగదికి గ్రైండర్ రెండో యంత్రమే కావాలి. మిల్లీమీటరు లోపు రేకు తిన్నగా కోయడానికి పవర్ షియర్, షెడ్డు రేకుల ముడతలకి నిబ్లర్. చిన్న పనికి విమాన కర్మాగారాల నుంచి వచ్చిన చేతి కత్తెర చాలు: ఎర్ర పిడిది ఎడమకి, ఆకుపచ్చది కుడికి, పసుపుది తిన్నగా కోస్తుంది. ఇంట్లో డ్రిల్ మిషన్ ఉంటే దానికి బిగించే నిబ్లర్ విడిగా దొరుకుతుంది. అప్పుడప్పుడూ రేకు కోసేవాళ్లు మొదట కొనాల్సింది అదే.