బరువు, గురువు, కనం: కరిసల్ నేల తెలుగులో ఒక మాట చరిత్ర

కోవిల్‌పట్టిలో తమిళ బడికి వెళ్లే తెలుగింటి పిల్లవాడు మూట ఎత్తబోయి "కనంగా ఉంది" అన్నాడనుకుందాం. ఇంట్లో వారికి వెంటనే అర్థమవుతుంది. అదే మాట విజయవాడలో అంటే వినేవారికి "ఘనంగా ఉంది" అన్నట్టు తోస్తుంది. మూటకు ఘనత ఏమిటని నవ్వుతారు. "అరవ తెలుగు" అని ఒక ముద్ర కూడా వేస్తారు. రాష్ట్రం వెలుపల పెరిగిన మన విద్యార్థులకు ఈ ముద్ర కొత్తది కాదు. అది ఎంతవరకు న్యాయమో ఒక్క మాటను పట్టుకుని ఇక్కడ పరిశీలించదలచాము.

విజయనగర రాజుల కాలంలోను, ఆ తరువాత మధుర నాయకుల కాలంలోను తెలుగువారు దక్షిణానికి తరలి, కరిసల్ నేలలో స్థిరపడ్డారు. కరిసల్ అంటే మన నల్లరేగడి. కోవిల్‌పట్టి పత్తికి, విరుదునగర్ మిరప, ధనియాలు, పప్పుధాన్యాల వ్యాపారానికి పేరు పొందాయి. 1799 అక్టోబర్ 16న కోవిల్‌పట్టికి దగ్గరలోని కయత్తారులో ఆంగ్లేయులు ఉరితీసిన వీరపాండ్య కట్టబొమ్మన కూడా తెలుగు మాట్లాడే పాలెగాళ్ల వంశం వాడే. వ్యవసాయం, వ్యాపారం చేసుకునే చోట తూనికల మాటలు నిత్యవ్యవహారంలో ఉండక తప్పదు.

మద్రాసు రాజధానిలో తెలుగువారికి, తమిళులకు తూనిక ఒక్కటే. 3 తులాలు ఒక పలం, 40 పలాలు ఒక వీసె, 8 వీసెలు ఒక మణుగు, 20 మణుగులు ఒక బారువ. వీసె నేటి లెక్కలో సుమారు 1.4 కిలోలు, బారువ సుమారు 227 కిలోలు. మన వీసెను తమిళులు వీసై అన్నారు, మణుగును మణంగు అన్నారు. తూనికరాయి ఒకటే, పిలుపులో మాత్రమే కొద్ది తేడా. 1956 చట్టం ప్రకారం 1958 నుంచి విడతలవారీగా మెట్రిక్ తూనికలు వచ్చాక ఈ మాటలు అంగళ్ల నుంచి తప్పుకుని పెద్దల నోట మిగిలాయి.

ఈ నేలకు రేవు తూత్తుకుడి. 16వ శతాబ్దం నుంచి 1658లో డచ్చివారు పట్టుకునే వరకు అక్కడ పోర్చుగీసువారి పలుకుబడి సాగింది. ఇస్త్రీ, మేస్త్రీ, అలమార వంటి మాటలు మనకు పోర్చుగీసు నుంచి వచ్చినవే. తూనిక మాట మాత్రం ఇటు నుంచి అటు వెళ్లింది. సంస్కృత "భారం" అరబ్బుల నోట "బహార్" అయింది. మిరియాలు కొన్న పోర్చుగీసువారు ఆ బహార్‌నే తమ లెక్కల్లో రాసుకున్నారు.

బరువైనదాన్ని వారు తమ భాషలో "పెజాదు" అంటారు. దాని మూలమైన లాటిన్ ధాతువుకు వేలాడదీయడం, తూచడం అనే రెండర్థాలూ ఉన్నాయి. ఇది వింత కాదు. మన "తూగు" కూడా అటువంటిదే. త్రాసులో సరితూగినదీ తూగడమే, తూగుటుయ్యాలలో ఊగినదీ తూగడమే. అలంకారార్థాల్లో మాత్రం దారులు వేరయ్యాయి. పోర్చుగీసులో మనస్సాక్షి బరువైతే తప్పు చేశానన్న బాధ. తెలుగులో మనసు బరువెక్కితే దుఃఖం. వారికి నిద్ర కూడా బరువైనదే. మనకు అది గాఢనిద్ర, లేదా మొద్దునిద్ర. కడుపు బరువుగా ఉందన్నప్పుడు మాత్రం ఇరువురికీ తేడా లేదు.

లాటిన్‌లోనే బరువుకు "గ్రావిస్" అనే మాట ఉంది. సంస్కృత "గురు" శబ్దం, ఈ గ్రావిస్ ఒకే మూలం నుంచి పుట్టాయని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయం. పోర్చుగీసులో అది తీవ్రమైన జబ్బుకు, గంభీరమైన ముఖానికి విశేషణమైంది. మనకు పాఠం చెప్పే గురువు అయింది, ఛందస్సులో రెండు మాత్రల అక్షరం అయింది. లఘువు తేలిక, గురువు బరువు అని గణవిభజన నేర్చుకునే విద్యార్థి తెలియకుండానే తూనిక వేస్తున్నాడు.

ఇక "కనం" సంగతికి వద్దాం. ఇది సంస్కృత "ఘన" శబ్దమే. దట్టమైనది, గట్టిగా కూడుకున్నది అని దాని అర్థం. తెలుగు శాస్త్రగ్రంథాల్లో ఘనపదార్థం అన్నప్పుడు ఆ అర్థం నిలిచి ఉంది. వాడుకలో మాత్రం ఘనత, ఘనుడు, ఘనసన్మానం అంటూ మర్యాద వైపు మళ్లింది. తమిళం రెంటినీ నిలుపుకొంది. మూటా కనమే, ఒకప్పుడు శాసనసభలో గౌరవంగా పిలిచిన మంత్రీ "కనం" మంత్రే. కనుక కోవిల్‌పట్టి పిల్లవాడు మాటను చెడగొట్టలేదు. తెలుగు వాడుక పక్కన పెట్టిన అర్థాన్ని పొరుగింటి నుంచి తిరిగి తెచ్చుకున్నాడు. పరీక్షలో "బరువు" అని రాయడం అతడు నేర్చుకోవలసిందే. ఇంటిమాటకు సిగ్గుపడటం నేర్చుకోనక్కరలేదు.

ఇందుకు మార్గం చూపినవారు కి. రాజనారాయణన్. 1923లో కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టి, తమిళంలో రాసి, 2021లో కన్నుమూశారు. తెలుగునాటి నుంచి వలస వచ్చిన కుటుంబాల కథను "గోపల్ల గ్రామం" నవలగా రాశారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. పండితులు మోటు అనుకున్న కరిసల్ పలుకుబడిని ఏరి నిఘంటువుగా కూర్చారు. అయితే ఆయన కూర్చినది తమిళ పలుకుబడి. ఆ ఊళ్ల తెలుగు పలుకుబడికి అంతటి శ్రద్ధ దక్కవలసి ఉంది.

2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం విడతలవారీగా తప్పనిసరి అయింది. బడిలో తెలుగు అక్షరం నేర్చే అవకాశం తగ్గినకొద్దీ ఇంటిమాట రాతకు ఎక్కకుండానే జారిపోతుంది. కాబట్టి విద్యార్థులకు మా మనవి ఒక్కటే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు బరువు, కనం, పారం, తూకం అనే నాలుగు మాటలను మీ అవ్వ ఏ సందర్భంలో ఏది వాడుతున్నదో వినండి. ఆమె అన్న వాక్యాన్ని దిద్దకుండా, ఊరి పేరుతో సహా రాసుకుని రండి.