ఇఫ్‌డెఫ్ చాటున తెలుగు

సీ ప్రోగ్రాములో ఏ భాగం ఉండాలో, ఏది పోవాలో కంపైల్ చేసేటప్పుడే తేల్చే పద్ధతి పాతదే. 1973 ప్రాంతంలో అలాన్ స్నైడర్ పట్టుబట్టడంతో, కంపైల్‌కు ముందే కోడును సవరించే ప్రీప్రాసెసర్ వచ్చింది. మైక్ లెస్క్, ఆ తర్వాత జాన్ రైజర్ దానికి షరతులు చేర్చారు. 1992లో హెన్రీ స్పెన్సర్, జెఫ్ కాలియర్ ఆ షరతుల్లో ఒకటైన ఇఫ్‌డెఫ్ హానికరమంటూ వ్యాసమే రాశారు.

ఇఫ్‌డెఫ్‌తో కోడును ఉంచే, తీసే ఈ స్విచ్చులు చిన్న యంత్రాల కోసం పుట్టాయనీ, మెమరీ పెరిగాక వాటి అవసరం తీరిపోయిందనీ సాధారణంగా చెబుతారు. విమ్ ఎడిటర్‌లో తెలుగు పడిన పాట్లు చూస్తే ఆ మాట నిలవదు.

2001లో విమ్ 6.0 యూటీఎఫ్-8ను తెచ్చింది. కానీ ఆ కోడంతా ఫీట్_ఎంబైట్ అనే స్విచ్చు కింద ఉండేది. టైనీ నుంచి హ్యూజ్ దాకా అప్పట్లో ఉన్న ఐదు ఫీచర్ స్థాయిల్లో, చిన్నవాటికి అది అడిగితేనే దక్కేది. అది లేకుండా కంపైలైన విమ్‌లో నర్సీపట్నం విద్యార్థి తెలుగు ఫైలు తెరిస్తే, 'క' ఒక అక్షరంగా కాక మూడు విడి బైట్లుగా ఎదురవుతుంది. ఒకసారి చెరిపితే మూడో వంతే పోతుంది. 'కి' అయితే ఆరు బైట్లు.

మెమరీ వాదంలో నిజం లేకపోలేదు. డాస్ యంత్రాల్లో విమ్‌కు నిజంగానే చోటు చాలలేదు. అయితే 2016లో, 8.0 నాటికి, ఆ కారణంతోనే డాస్ మద్దతు తీసేశారు. ఫీట్_ఎంబైట్ మాత్రం కదల్లేదు! 2019 జనవరిలో విమ్ కర్త బ్రామ్ మూలెనార్ విడతలవారీ ప్యాచులతో దాన్ని ఎత్తేసినప్పుడు రాసిన కారణం, ఇఫ్‌డెఫ్‌లు మరీ ఎక్కువయ్యాయని. మెమరీ ఊసే లేదు. ఒక్కో స్విచ్చు పరీక్షించాల్సిన రూపాలను రెట్టింపు చేస్తుంది. విడివిడిగా పనిచేసే స్విచ్చులు ఇరవై ఉంటే రూపాలు పది లక్షలు దాటుతాయి. అన్నిటినీ ఎవరూ కట్టి చూడరు. ఒక స్విచ్చును తీసేయాలంటే కోడులో ఎన్నో చోట్ల చెయ్యి పెట్టాలి. అవసరం తీరిన స్విచ్చు అన్నేళ్లు నిలవడానికి ఈ బరువే ప్రధాన కారణమని తోస్తుంది.

లినక్స్ కెర్నెల్ ఇప్పుడు ఇజ్_ఎనేబుల్డ్ మాక్రోను మామూలు ఇఫ్‌లో వాడమంటోంది. దానితో, ఎంచుకోని కోడును కూడా కంపైలర్ చదివి, తప్పులు పట్టి, ఆపైనే వదిలేస్తుంది. ఇది మేలైన దారే. కానీ ఆ కోడు వాడుకునే స్ట్రక్చర్ ఫీల్డునే ఇఫ్‌డెఫ్ తీసేస్తే ఈ ఉపాయం పారదు. విమ్‌లోనూ పని సగమే అయింది. తెలుగుకు స్విచ్చు అక్కర్లేకపోయినా, అరబిక్‌కూ, కుడి నుంచి ఎడమకు సాగే రాతకూ స్విచ్చులు ఇంకా ఉన్నాయి. టైనీ స్థాయిలో అవి రెండూ రావు.