మేనేజర్ మారితే టీమ్ మారుతదా?

బేస్‌బాల్‌ల మేనేజరంటే ఆఫీసుల కూసునేటోడు కాదు. ఎవలు బంతి వెయ్యాలె, ఎవలు ముందు బ్యాటింగ్‌కు పోవాలె, అలసిన పిచర్‌ను ఎప్పుడు మార్చాలె.. అన్నీ ఆయనే చెప్తడు. టీమ్ ఓడితే ముందుగాల ఊడేది గూడ ఆయన కొలువే.

అమెరికాల ఫ్లోరిడా మార్లిన్స్ ముచ్చట జూడుండ్రి. 2003 మే నెలల, 38 మ్యాచుల్ల 22 ఓడినంక మేనేజర్‌ను తీసేసిండ్రు. 72 ఏండ్ల జాక్ మెకీన్‌ను తెచ్చిండ్రు. ఆయన కింద 124 ఆడి 75 గెలిచిండ్రు. ఆఖరుకు న్యూయార్క్ యాంకీస్‌ను ఓడగొట్టి వరల్డ్ సిరీసే కొట్టిండ్రు! అంతా పెద్దమనిషి మహిమేనా? డాంట్రెల్ విల్లిస్ అనే పిలగాడు మెకీన్ కంటె కొద్దిరోజుల ముందే టీమ్‌లకొచ్చిండు. ఆ ఏడు పిచర్‌గ 14 గెలుపులు ఆయన ఖాతాల వడ్డయి.

ఇదే టీమ్ 1997ల గూడ వరల్డ్ సిరీస్ గెలిచింది. అప్పుడు మేనేజర్ జిమ్ లేలాండ్. గెలిచినంక ఓనర్ ఖర్చు తగ్గిచ్చుకునేటందుకు పెద్ద ఆటగాళ్లను వేరే టీమ్‌లకు పంపిచ్చిండు. 1998ల మేనేజర్ అదే లేలాండ్, 162 మ్యాచుల్ల 108 ఓటములు. ఏడాదిల ఆయన ఆట మర్చిపోయిండా? విత్తనాలు అమ్ముకున్న ఆసామి, పంటేదని జీతగాణ్ని అడిగినట్టున్నది. గదే లేలాండ్ 2006ల డెట్రాయిట్ టైగర్స్‌కు పోయిండు. అంతకుముందేడు 91 ఓడిన ఆ టీమ్, ఆ ఏడు వరల్డ్ సిరీస్ దాక పోయింది.