ఒకే రేకు మీద అన్ని రంగులు – క్రెడిట్ ఎవరికి?

మన ఆఫీసుల్లో 'డైవర్సిటీ' అన్నమాట వినని నెల ఉండదు. ఒక ట్రైనింగు, ఒక క్విజ్జు, కాఫీ మెషీన్ పక్కన రంగురంగుల పోస్టరు. ఆ పోస్టర్లో ఏ రంగు గడిలో ఆ రంగు బుద్ధిగా కూర్చుంటుంది. రంగులు నిజంగా ఒకేచోట పనిచెయ్యడం అంత తేలిక కాదని మా నెల్లూరు తీరం అద్దకంవాళ్ళకి ఏనాడో తెలుసు.

ఈ తీరపు ఇసుకనేలల్లో చిరువేరు అనే మొక్క పెరుగుతుంది. దాని వేరునుంచి ఎర్రరంగు వస్తుంది. తమాషా ఏమిటంటే బట్టంతా ఆ రంగునీళ్ళలో ముంచినా, ముందుగా పటిక పూసినచోటే ఎరుపు నిలుస్తుంది. మిగతాచోట ఉతికితే పోతుంది. కరక్కాయ పట్టించిన బట్టమీద తుప్పు, బెల్లం ఊరబెట్టిన కషాయంతో గీస్తే గీత నల్లబడుతుంది. రంగుని అదుపు చేసేది గీతా, గోడా కాదు. దేని స్వభావం దేన్ని పట్టుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది అన్నదే. కాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళు ఇప్పటికీ చేసేది ఇదే (నీలిమందు సంగతి వేరు, దానికి మైనం కావాలి).

1620లలో ఇంగ్లీషువాళ్ళు దుగరాజపట్నంలో గిడ్డంగి పెట్టింది కూడా ఇలాంటి బట్టల కోసమే. వాళ్ళ కాగితాల్లో అది 'ఆర్మగాన్'. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలం సంపాదించాడు. అంటే మద్రాసుకి మా దుగరాజపట్నం అన్నయ్య వరస :) సరే, డే పేరు చరిత్ర పుస్తకాల్లో ఉంది. చిరువేరు ఉడకబెట్టినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

ఇక అసలు మనిషి దగ్గరికొస్తా. నెల్లూరు పక్కనే, చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టారు కృష్ణారెడ్డి గారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, మద్రాసు కళాక్షేత్రంలో చిత్రకళ విభాగం చూసుకుని, లండన్ మీదుగా 1950ల మొదట్లో పారిస్ చేరారు. మొదట శిల్పి. అక్కడ చేరింది మాత్రం స్టాన్లీ విలియం హేటర్ నడిపే 'అటెలియే 17' అనే ప్రింట్ల వర్క్‌షాపులో.

ఈ హేటర్ గురించి కొంచెం చెప్పాలి. 1927లో పారిస్‌లో మొదలుపెట్టాడు. యుద్ధం వల్ల 1940లో న్యూయార్క్‌కి మార్చి, 1950లో మళ్ళీ వెనక్కి తెచ్చాడు. మీరో, పికాసో, జాక్సన్ పోలాక్, లూయిస్ బూర్జ్వా... అందరూ ఏదో ఒక సమయంలో అక్కడ చెయ్యి పెట్టినవాళ్ళే. న్యూయార్క్ రోజుల్లోనే దాదాపు వందమంది ఆడవాళ్ళు అక్కడ పనిచేశారు. 1940ల్లో! గురువు-శిష్యుడు గొడవ లేదు, పక్కవాడు చేసే ప్రయోగం అందరికీ కనిపిస్తుంది. మన భాషలో చెప్పాలంటే సోర్సు అందరికీ ఓపెన్.

అప్పటిదాకా రంగుల ప్రింటు కావాలంటే రంగుకొక రేకు చెక్కాలి, ఒకదానిమీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా అచ్చెయ్యాలి. 1950ల్లో ఈ వర్క్‌షాపులో కృష్ణారెడ్డి, బొంబాయినుంచి వచ్చిన కైకో మోటి, హేటర్ కలిసి ఇంకో దారి పట్టారు. ఒకే లోహపు రేకు. దాన్ని రకరకాల లోతుల్లో చెక్కుతారు. అడుగు గీతల్లో ఒక ఇంకు కూరి పైన తుడిచేస్తారు. నూనె ఎక్కువ కలిపి పల్చన చేసిన రెండో ఇంకుని గట్టి రోలరుతో దొర్లిస్తే పైఅంచులకే అంటుతుంది. చిక్కటి మూడో ఇంకుని మెత్తటి రోలరుతో ఒత్తితే అది లోపలి అంతస్తులోకి దిగుతుంది. దారిలో పల్చటి ఇంకు తగిలినచోట మాత్రం అంటుకోదు, ఆ నూనెపొర దాన్ని రానివ్వదు. మూడు రంగులు ఒకే రేకు మీద, ప్రెస్సులో ఒక్కసారి తిప్పితే చాలు. చిక్కదనం తేడాయే ఇక్కడ పటిక. ఆయనకి ఈ ఆలోచన కలంకారీ నుంచి వచ్చిందని నేననను, దానికి ఆధారమేమీ లేదు. పోలిక చూసి నాకు ముచ్చటేసింది, అంతే.

కృష్ణారెడ్డి రేకుల్ని శిల్పిలాగే చెక్కారు, మిషన్ పనిముట్లు కూడా వాడారు. 'వర్ల్‌పూల్' (1963) చూడండి, నీళ్ళు సుడి తిరుగుతూ రంగు మారుతుంటాయి. 1968 పారిస్ విద్యార్థుల ఉద్యమం చూసి 'డెమాన్‌స్ట్రేటర్స్' చేశారు. 'గ్రేట్ క్లౌన్' అయితే ఒకే రేకునుంచి పూర్తిగా వేరువేరు రంగుల్లో అచ్చయింది. కోడ్ అదే, కాన్ఫిగరేషన్ వేరు.

ఇప్పుడు చిక్కు ప్రశ్న. ఈ పద్ధతికి చాలాచోట్ల హేటర్ పేరే పెట్టారు. వర్క్‌షాపు ఆయనది, కాబట్టి రిలీజ్ నోట్స్‌లో పేరూ ఆయనదే. మనకి కొత్తేం కాదిది. దీనికి మనవాళ్ళ విరుగుడు 'కనిపెట్టింది మన తెలుగోడే' అని ఫార్వర్డ్ చెయ్యడం. నాకు ఇదీ నచ్చదు. హేటర్ చేసిన తప్పునే మనం మోటికి చేస్తున్నాం. మోటి బొంబాయివాడు కనక తెలుగు ఫార్వర్డ్‌లో చోటు లేదా? పోనీ హేటర్‌ని పూర్తిగా తీసెయ్యగలమా? పదిదేశాలవాళ్ళు ఒకరి బల్లమీదకి ఒకరు తొంగిచూసే ఆ గది ఆయన కట్టకపోతే ఈ ప్రయోగం జరిగేదే కాదు. గది కట్టడం నాయకత్వమే, ఒప్పుకుంటా. గదిలో పుట్టినదంతా గది ఓనరుదే అనడం మాత్రం వేరే సంగతి.

కృష్ణారెడ్డి ఈ విషయంలో రచ్చ చెయ్యడం కన్నా నేర్పడమే ఎంచుకున్నారనిపిస్తుంది. హేటర్‌తోపాటు అటెలియే 17కి కో-డైరెక్టరయ్యారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1970ల మధ్యలో న్యూయార్క్ యూనివర్సిటీకి వెళ్ళి అక్కడ రంగుల ప్రింట్ల విభాగం నడిపారు. 1988లో ఈ పద్ధతి మీద పూర్తి పుస్తకం రాశారు, రోలర్లు, ఇంకులతో సహా.

2016లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం అటెలియే 17 వారసత్వం మీద ఒక ప్రదర్శన పెట్టింది. దాని పేరులో ముగ్గుర్ని పక్కపక్కన పెట్టారు: హేటర్, కృష్ణారెడ్డి, 1960ల్లో అదే వర్క్‌షాపులో పని నేర్చుకున్న అలీగఢ్ అమ్మాయి జరీనా హష్మి. కృష్ణారెడ్డికి అప్పటికి 91 ఏళ్ళు, ఇంకో రెండేళ్ళకి 2018 ఆగస్టులో పోయారు. ప్రదర్శన పేరులో మోటి లేడు.